కండ్లజోడు అద్దములు – వక్రీభవన గుణకము

గత సంవత్సరము వేసవి సెలవులు ముగిసి బడి తెఱచిన కొలది దినములకు, తొమ్మిదవ తరగతిలో నొక బాలుడు మూడవ బల్లనుండి మొదటి బల్లకు తనంతట తానే వచ్చి కూర్చుండెను. పాఠమునందు శ్రద్ధ కలిగినదని మేము సంతోషించితిమి. మఱి రెండు వారములకు, నల్లబల్లపై వ్రాసిన లెక్కను అతడు బల్లను చూచి కాక ప్రక్కవాని పుస్తకమును చూచి యెక్కించుకొనుచుండుట నా కంట బడినది. సంచి తెఱపించి చూడగా, అందొక క్రొత్త కండ్లజోడు చేతిరుమాలులో చుట్టబడి యుండెను. దానిని ధరించి వచ్చిన మొదటి దినముననే తోడివారు "సోడాబుడ్డి" యని పేరు పెట్టిరట. ఆ పేరు పడుటకంటె బల్ల కనబడకుండుటయే మేలని ఆ బాలునకు తోచినది.

మఱునాడు వాని తండ్రిగారు వచ్చిరి. కుట్టుపని చేసికొని జీవించు నెమ్మదస్థులు. "మాస్టరుగారూ, అద్దము దళసరిగా నున్నదని వీడు పెట్టుకొనుట లేదు. 1.74 అను నంబరు అద్దము వేయించినచో సన్నముగా నుండుననియు, అన్నిటికంటె అదియే మంచిదనియు విన్నాను. అప్పు చేసియైనను వేయింపవలసినదేనా?" అని యడిగిరి. నేను భౌతికశాస్త్రము చెప్పువాడనే. ఐనను ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సరియైన యుత్తరము చెప్పజాలక, రెండు దినములు గడువు కోరితిని. ఆ రాత్రి కాగితమును స్కేలును ముందుంచుకొని వేసిన లెక్కయే ఈ వ్యాసమునకు మూలము. దీనిలో కొంత భాగము విద్యార్థులకు పాఠ్యపుస్తకమున నున్నదే; తక్కినది వారి తల్లిదండ్రులకును పనికివచ్చునని తలచుచున్నాను.

మొట్టమొదట ఒక భ్రమను తొలగింపవలెను. వైద్యుడు చీటిపై వ్రాయు మైనస్ 2, మైనస్ 6 అను సంఖ్యలు వేఱు; అద్దముల దుకాణములో వినబడు 1.5, 1.6, 1.67, 1.74 అను సంఖ్యలు వేఱు. మొదటివి కంటికి కావలసిన పవరును తెలుపును. ఆ పవరును కొలుచు మానమునకు డయాప్టరు అని పేరు. దీనిని 1872లో మోనొయే అను ఫ్రెంచి నేత్రవైద్యుడు ప్రతిపాదించెను. రెండవవి అద్దము చేయబడిన పదార్థముయొక్క గుణమును తెలుపును. మైనస్ 6 అద్దము ఏ పదార్థముతో చేసినను మైనస్ 6 అద్దమే. 1.74 సంఖ్య గల అద్దము 1.5 సంఖ్య గల అద్దముకంటె "ఎక్కువగా కనబడజేయును" అనుట, పెద్ద కుంచములో కొలిచిన బియ్యము ఎక్కువ రుచిగా నుండుననుట వంటిది.

ఇక ఆ గుణమేదో చూతము. ఇంటిలో నొక లోతైన గిన్నెను తీసికొని అడుగున రూపాయి నాణెమును ఉంచుడు. నాణెము గిన్నె అంచు చాటున మఱుగుపడువఱకు వెనుకకు జరిగి, అచ్చటనే కదలక నిలిచి, వేఱొకరిచే గిన్నెలో నెమ్మదిగా నీరు పోయింపుడు. నాణెము పైకి తేలివచ్చినట్లు కనబడును. నాణెము కదలలేదు, నీటినుండి గాలిలోనికి వచ్చు వెలుగు త్రోవలో వంగినది. దీనికే వక్రీభవనమని పేరు.

వెలుగు వంగుటకు కారణము దాని వేగము మాఱుటయే. శూన్యమునందు వెలుగు సెకండునకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోవును. నీటిలో అది రెండు లక్షల పాతికవేలకును, కండ్లజోడునకు సాధారణముగా వాడు ప్లాస్టిక్ అద్దములో సుమారు రెండు లక్షలకును తగ్గును. శూన్యములోని వేగమును పదార్థములోని వేగముచే భాగింపగా వచ్చు సంఖ్యయే ఆ పదార్థముయొక్క వక్రీభవన గుణకము. కావున నీటికి 1.33, ఆ ప్లాస్టిక్కునకు 1.5. గట్టినేలమీద వరుసగా నడచుచున్న బాలుర పంక్తి ఏటవాలుగా ఇసుకలో ప్రవేశించుట ఊహింపుడు. ముందుగా ఇసుక త్రొక్కినవారి నడక మందగించును. ఇంకను గట్టినేలపై నున్నవారు అదే వేగముతో వత్తురు. పంక్తి యంతయు ఒక ప్రక్కకు తిరుగును. ఇసుక ఎంత దిగబడునదైన తిరుగుట అంత ఎక్కువ.

వేగమును కొలుచు సాధనములు మన ప్రయోగశాలలో లేవు. వంపును కొలుచుటకు మాత్రము ఒక గాజుదిమ్మయు నాలుగు గుండుసూదులును చాలును. కిరణము గాజుపై 60 డిగ్రీల కోణమున పడినచో, లోపల అది సుమారు 35 డిగ్రీలకు వంగును. ఈ రెండు కోణముల సైన్ విలువలను భాగించినచో 1.5 వచ్చును. కోణము మార్చినను ఈ భాగఫలము మాఱదు. ఈ నియమమును 984 ప్రాంతమున బాగ్దాదునందు ఇబ్న్ సహల్ ఎఱిగి యుండెను. హాలెండు దేశస్థుడగు స్నెల్ 1621లో మరల కనుగొనెను. డేకార్ట్ 1637లో అచ్చువేయించెను. ఆ సంఖ్యకు గుణకమను పేరు 1807లో ఇంగ్లండు దేశీయుడగు థామస్ యంగ్ పెట్టినది. పరీక్షలలో స్నెల్ పేరు వ్రాసినచో మార్కులు వచ్చును. ఇబ్న్ సహల్ పేరు కూడ వ్రాసినచో నేను సంతోషింతును.

బరువైన పదార్థమే వెలుగును ఎక్కువగా వంచునని విద్యార్థులు తఱచు వ్రాయుదురు. ఇది నిజము కాదు. వేరుసెనగ నూనె నీటిపై తేలును గదా. దాని గుణకము 1.47, నీటికంటె హెచ్చు. సైన్సుగదిలోని గట్టి బోరోసిలికేట్ గాజుగొట్టమునకును దాదాపు అదే గుణకము. అందుచే ఆ గొట్టమును వేరుసెనగ నూనెలో ముంచినచో అది కంటికి దాదాపు కనబడక పోవును. నూనెనుండి గాజులోనికి పోవునప్పుడు వెలుగు వేగము మాఱదు. వేగము మాఱనిచోట వంపు లేదు. వంపు లేనిచోట గాజు ఉన్నట్లే తెలియదు. చెఱువులో మునిగి కన్ను తెఱచినప్పుడు అంతయు మసకగా కనబడుటకు కారణము కూడ ఇదియే. మన కంటి మొత్తము పవరు సుమారు 60 డయాప్టర్లు. అందులో 43 వఱకు ముందున్న నల్లగ్రుడ్డుపై పారదర్శకపు పొర, అనగా కార్నియా, ఇచ్చునదే. దాని గుణకము 1.376. గాలికిని దీనికిని భేదము 0.376, నీటికిని దీనికిని భేదము 0.043 మాత్రమే. నీటిలో మునిగిన కన్ను తన అద్దమును పోగొట్టుకొన్న కన్నువంటిది.

ఈ యుదాహరణము నేను ఊరక చెప్పలేదు. కటకము పని చేయునది గుణకముచేత కాదు, తన గుణకమునకును చుట్టునున్న గాలి గుణకమునకును గల భేదముచేత. గాలి గుణకము ఇంచుమించు 1. కాబట్టి లెక్కలో నెల్లప్పుడును గుణకమునుండి ఒకటి తీసివేయవలెను. 1.5 పదార్థమునకు మిగులునది 0.5, 1.67 పదార్థమునకు 0.67. చూచుటకు 1.5కును 1.67కును భేదము స్వల్పముగా తోచును. వంచు శక్తిలో మాత్రము మూడవవంతు ఎక్కువ. ఎక్కువగా వంచు పదార్థమునకు తక్కువ గుంట చాలును. తక్కువ గుంట యన్నచో అంచు సన్నము.

హ్రస్వదృష్టి గలవారి అద్దము నడుమ పలుచగను అంచున దళసరిగను ఉండునని మీరెఱుగుదురు. నడిమికంటె అంచు ఎంత దళసరియో ఇంటివద్దనే కట్టవచ్చును. అద్దములో చూపు నిలుచు చోటునుండి అన్నిటికంటె దూరపు అంచువఱకు గల దూరమును మిల్లీమీటర్లలో కొలిచి, ఆ సంఖ్యను దానిచేతనే గుణించి, పవరుచే మరల గుణింపుడు. వచ్చినదానిని 2000 చేతను, గుణకములో నొకటి పోగా మిగిలిన దానిచేతను భాగింపుడు. ఇది ఉజ్జాయింపు లెక్కయే. ఐనను మన అవసరమునకు చాలును.

మన బాలుని కండ్లజోడునకు ఈ లెక్క వేయుదము. కండ్లజోడు కమ్మి లోపలివైపున సన్నని అంకెలు అచ్చువేయబడి యుండును. వానిది 50, చిన్న చదరపు గుర్తు, 18. అనగా ఒక్కొక్క అద్దపు వెడల్పు 50 మిల్లీమీటర్లు, ముక్కుపై వంతెన 18. రెండును కలిసి 68. రెండు అద్దముల నడిమి చోట్లకు మధ్య దూరము ఇదియే. బాలుని కనుపాపల మధ్య దూరమును కొలువగా 58 మాత్రమే. కావున కనుపాప అద్దపు నడుమకు రాక, ముక్కువైపునకు 5 మిల్లీమీటర్లు జరిగి యుండును. కణతవైపు అంచు అక్కడినుండి 25 కాక 30 మిల్లీమీటర్ల దూరమున నున్నది. అందులకే ఆ అంచు అంత దళసరి.

30ని 30చే గుణింపగా 900. పవరు 6 చే గుణింపగా 5400. 2000 చే భాగింపగా 2.7. దానిని 0.5 చే భాగించినచో 5.4 మిల్లీమీటర్లు. నడుమ విఱుగకుండుటకై ఉంచిన 2 మిల్లీమీటర్లు దీనికి కలిపినచో కణతవైపు అంచు 7.4. సోడాబుడ్డి యని పిల్లలు పేరు పెట్టినది దీనికే. ఇప్పుడు అదే ఫ్రేములో తండ్రిగారు అడిగిన 1.74 పదార్థమును వేసినచో 2.7ను 0.74 చే భాగింపవలెను, 3.65 వచ్చును. తగ్గినది నిజమే. మంచి ధనము వెచ్చించి ఒకటిముప్పాతిక మిల్లీమీటరు తగ్గించుకొన్నట్లయినది.

కాని ఫ్రేమును మార్చి పదార్థమును మార్చకుండ నుంచినచో? 42, 16 అను అంకెలు గల చిన్న ఫ్రేము తీసికొందము. కలిపిన 58, బాలుని కనుపాపల దూరమునకు సరిగా సరిపోవును. కన్ను అద్దపు నడుమనే యుండును. దూరపు అంచు 21 మిల్లీమీటర్లు. 21ని 21చే గుణింపగా 441. 6 చే గుణించి 2000 చే భాగింపగా సుమారు 1.32, దానిని 0.5 చే భాగించిన 2.65 మిల్లీమీటర్లు మాత్రమే! పెద్ద ఫ్రేములో అన్నిటికంటె విలువైన అద్దము 3.65, చిన్న ఫ్రేములో అన్నిటికంటె చవుక అద్దము 2.65. ఈ రెండు అంకెలు ప్రక్కప్రక్కన వ్రాసికొని నేను కొంతసేపు ఊరక చూచుచుంటిని. దూరము తనచేతనే గుణింపబడుచున్నది. గుణకము ఒక్కసారి మాత్రమే భాగించుచున్నది. అందుచేత ఫ్రేము చేసినంత మేలు పదార్థము చేయజాలదు.

అంత పెద్ద ఫ్రేము ఏల కొన్నారని తండ్రిగారిని అడిగితిని. "పెరుగు పిల్లవాడు గదా, చొక్కా నాగరమైనను ఒక చుట్టు వదులుగానే కుట్టుదుము" అని చెప్పిరి. ఆయన వృత్తికి తగిన మాట. చొక్కాకు అది న్యాయమే. అద్దమునకు మాత్రము వదులు పనికిరాదు. ఎట్లును బాలుర కంటి పవరు ఏడాదికో రెండేండ్లకో మాఱుచుండును గనుక అద్దములు మార్చక తప్పదు.

గుణకము పెఱిగిన అద్దమునకు మఱికొన్ని వెలలు కలవు. అవి రసీదుపై కనబడవు. వానిలో ముఖ్యమైనది రంగుల చెదరుట. మనము వెలుగనుకొనునది అనేక వర్ణముల కలయిక. ఒక్కొక్క వర్ణమునకు గుణకము కొంచెము వేఱు. నీలము ఎక్కువ వంగును, ఎఱుపు తక్కువ. త్రిభుజపు గాజులో ఇంద్రధనుస్సు కనబడుట దీనివలననే. కండ్లజోడు అద్దపు అంచుభాగము కూడ ఒక విధమైన త్రిభుజపు గాజే గదా. ఏ పదార్థము ఈ వర్ణములను ఎంత తక్కువగా చెదరగొట్టునో తెలుపు సంఖ్యను ఎర్నెస్ట్ అబ్బే పేరట అబ్బే సంఖ్య యందురు. ఆయన 1840 మొదలు 1905 వఱకు జీవించిన జర్మను పండితుడు. షాట్ అను గాజు రసాయనజ్ఞునితో కూడి యేనా పట్టణమున 1884లో గాజు కర్మాగారమును స్థాపించినవారిలో నొకడు. ఈ సంఖ్య పెద్దదైనకొలది అద్దము మేలు. మామూలు ప్లాస్టిక్కునకు ఇది 58. గుణకము 1.6 గల ప్లాస్టిక్కునకు 41 దాపు. 1.67, 1.74 పదార్థములకు 32 ప్రాంతము. పాలికార్బొనేటునకు 30.

అనగా, నడుమనుండి సమానదూరమున చూచినప్పుడు, 1.67 అద్దములో రంగుల చెదరుట మామూలు అద్దముకంటె ఇంచుమించు రెండింతలు. తక్కువ పవరు గలవారికి ఇది తెలియనే తెలియదు. మైనస్ 6 గలవాడు తల త్రిప్పక కన్ను మాత్రము ప్రక్కకు త్రిప్పి కిటికీ ఊచలను చూచినప్పుడు, ఊచ కొకవైపు నీలపు అంచును, వేఱొకవైపు పసుపెఱుపు అంచును కనబడును. చిన్నయక్షరములు అంచులయందు చెదరినట్లుండును. క్రొత్త అద్దముతో ఇట్లు కనబడినచో, కన్ను చెడినదని భయపడకుడు. అద్దము పదార్థమును విచారింపుడు.

రెండవది మెఱపు. గుణకము హెచ్చినకొలది అద్దపు పైతలము ఎక్కువ వెలుగును వెనుకకు కొట్టును. 1.5 పదార్థము ఒక్కొక్క తలమున నూటికి 4 పాళ్లు, 1.67 పదార్థము 6.3, 1.74 పదార్థము 7.3 పాళ్లు వెనుకకు పంపును. రెండు తలములును కలిసిన 1.74 అద్దములో ఇంచుమించు నూటికి 14 పాళ్ల వెలుగు కంటికి చేరకయే పోవును. రాత్రివేళ ఎదురుగా వచ్చు బండ్ల దీపములు అద్దములో రెండుగా మూడుగా తోచును. అందులకే ఇట్టి అద్దములకు పరావర్తనమును తగ్గించు పలుచని పూత తప్పనిసరి.

ఇక బరువు, గట్టితనము. పూర్వము కండ్లజోడు అద్దములన్నియు గాజుతో చేయబడినవే. క్రౌన్ గాజు గుణకము 1.523, అబ్బే సంఖ్య 58 దాపు; చూపునకు దానికి వంక పెట్టరాదు. గీతలు సులభముగా పడవు. కాని సాంద్రత 2.54; నీటికి రెండున్నర రెట్లు. ముక్కుపై గుంట పడినంత బరువు. మీద దెబ్బ తగిలిన పగిలి కంటిలో గ్రుచ్చుకొనును. గాజులోనే గుణకమును 1.8 వఱకు పెంచిన రకములు కలవు; వాని సాంద్రత 3.6 ప్రాంతము. సన్నమైనవే, కాని బరువు తగ్గదు.

ఈ చిక్కును కొంతవఱకు తీర్చినది అమెరికా దేశమున 1940లో కనుగొనబడిన సీ.ఆర్. 39 అను ప్లాస్టిక్. కొలంబియా రెజిన్ అను వరుసలో ముప్పదితొమ్మిదవ మిశ్రమము గనుక ఆ పేరు వచ్చినది. యుద్ధకాలమున దానిని విమానముల ఇంధనపు తొట్లను గట్టిపఱచుటకు వాడిరి. యుద్ధము ముగిసిన పిమ్మట 1947లో కాలిఫోర్నియాలోని ఆర్మోర్‌లైట్ సంస్థ దానితో కండ్లజోడు అద్దములు చేసెను. గుణకము 1.498, సాంద్రత 1.32; గాజులో దాదాపు సగము బరువు. నేటికిని దుకాణములో "మామూలు అద్దము" అని యిచ్చునది సాధారణముగా ఇదే జాతికి చెందినది. 1953లో జర్మనీయందొకరును అమెరికాయందొకరును ఒకరి నొకరు ఎఱుగకయే పాలికార్బొనేటును కనుగొనిరి. గుణకము 1.586, సాంద్రత 1.20. పైన చెప్పినట్లు, గుణకము పెఱిగినను బరువు తగ్గినది చూడుడు. బంతి తగిలినను ఇది సులభముగా పగులదు. మెత్తని తలము గనుక గీతలు పడకుండ గట్టిపూత కావలెను. అబ్బే సంఖ్య 30 అను లోపమును కలదు. ఈ లోపమును సరిదిద్దిన ట్రైవెక్స్ అను పదార్థము 2001లో వచ్చినది: గుణకము 1.53, అబ్బే సంఖ్య 44 దాపు, సాంద్రత 1.11. అన్నిటికంటె తేలిక, గట్టితనములో పాలికార్బొనేటునకు తోబుట్టువు, వెల కొంచెము హెచ్చు.

1.6, 1.67, 1.74 అను హెచ్చు గుణకముల ప్లాస్టిక్కులలో ప్రసిద్ధమైన రకములను జపాను రసాయనజ్ఞులు 1980వ దశకము మొదలుకొని తెచ్చిరి. వానిలోని రహస్యము గంధకము. గంధకపు పరమాణువులోని ఎలక్ట్రానులు వెలుగు తాకినప్పుడు సులభముగా కదలును. కదలిక ఎక్కువైన వెలుగు ఎక్కువ ఆలస్యమగును. ఇట్టి అద్దమును ఫ్రేమునకు సరిపడ అంచు అఱుగదీయునప్పుడు కుళ్లిన కోడిగ్రుడ్డువంటి వాసన వచ్చును. ఆ వాసన వచ్చినప్పుడు పనివానిపై కోపపడకుడు. మీరు డబ్బిచ్చి కొన్న గంధకమే అది.

సన్నని అద్దము వేయించినచో కండ్లు చిన్నవిగా కనబడుట మానునా యని కూడ కొందఱు బాలికలు నన్ను అడిగిరి. మానదు. ఎదుటివారికి మన కన్ను చిన్నదిగా కనబడుట అద్దపు పవరునుబట్టియు, అద్దమునకును కంటికిని గల దూరమునుబట్టియు ఏర్పడును, గుణకమునుబట్టి కాదు. ముక్కుపై జాఱనీయక కంటికి దగ్గఱగా నిలుపుకొనుటయే దానికి ఉపాయము.

ఇన్ని విషయములు కాగితముపై వ్రాసికొని, చెప్పిన దినమున తండ్రిగారితో నా యభిప్రాయమును చెప్పితిని. బాలుడు సాయంకాలము క్రికెట్టు ఆడువాడు. కావున పగిలి కంటిలో పడు భయములేని పాలికార్బొనేటు వానికి యుక్తము. 42, 16 ఫ్రేములో లెక్క వేసిన అంచు నడిమికంటె 2.26 మిల్లీమీటర్లు హెచ్చు. అదే ఫ్రేములో 1.74 పదార్థము 1.79. వీని భేదము అర మిల్లీమీటరుకంటె తక్కువ; దానికొఱకు అప్పు చేయుట నాకు న్యాయముగా తోచలేదు. రంగుల చెదరుటలో రెండును దాదాపు ఒక్కటే. చిన్న ఫ్రేములో కన్ను అంచువఱకు పోవుటకు చోటే లేదు గనుక అదియు అంతగా బాధింపదు. ఆటలు మాని లెక్కలు వ్రాసికొను గుమాస్తా యైనచో, అదే పవరునకు నేను 1.6 పదార్థమును చెప్పియుందును; సన్నదనమును స్పష్టతయు అందులో సమపాళ్లలో నుండును. మైనస్ 2 గలవారు పదార్థమును గూర్చి చింతింపనే పనిలేదు. 25 మిల్లీమీటర్ల దూరమున వారికి మామూలు అద్దపు అంచు హెచ్చు 1.25, 1.67 అద్దపు హెచ్చు 0.93. కాగితము మూడు నాలుగు మడతలంత భేదము.

పదిదినములలో క్రొత్త కండ్లజోడు వచ్చినది. నడుమ ఒకటిన్నర మిల్లీమీటరు, కణతవైపు అంచున ఇంచుమించు 3.8; పాత దానిలో సగము. బాలుడు తిరిగి మూడవ బల్లకు పోయి కూర్చుండెను. "సోడాబుడ్డి" పేరు వెంటనే పోయినదని చెప్పజాలను. బడిలో పెట్టిన పేర్లు అద్దము మార్చినంత సులభముగా మాఱవు. కాని జోడు సంచిలోనికి మరల పోలేదు.

మొన్న వాడే వచ్చి, "సార్, మా నాయనమ్మ అద్దము నడుమ ఉబ్బుగా నున్నది. దానికి కూడ ఈ లెక్క చెల్లునా?" అని యడిగినాడు. చెల్లును. దగ్గఱవి కనబడనివారి ప్లస్ అద్దములో అదే సంఖ్య అంచుకు బదులు నడిమి మందమగును. అచ్చటను ఫ్రేము చిన్నదైనకొలది అద్దము పలుచనగును. ఆమె ఫ్రేము కమ్మిపై అంకెలు అఱిగిపోయినవట. స్కేలుతో కొలిచి తెమ్మని చెప్పితిని.